ఫొటో స్టూడియోకి ఇన్‌స్టాగ్రామ్ నుంచి పెళ్లి ఆర్డర్లు రావాలంటే ఏం చేయాలి?

జగిత్యాల నుంచి ఒక యువ ఫొటోగ్రాఫర్ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "స్టూడియో పెట్టి రెండేళ్లయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ పోస్టు పెడుతున్నాను, ఫాలోవర్లు 2,100 దాటారు. కానీ ఏడాదిలో ఆ పేజీ వల్ల వచ్చిన ఆర్డర్లు రెండే. డబ్బు కట్టి బూస్ట్ చేయాలా? ఫాలోవర్లను కొనాలా? రీల్స్ కోసం జీతానికి ఒక కుర్రాణ్ని పెట్టుకోవాలా?"

ముందు జవాబు చెప్పేస్తాను. ఫాలోవర్లను కొనొద్దు. కుర్రాణ్ని ఇప్పుడే పెట్టుకోవద్దు. ప్రకటన ఏడాదికి రెండు మూడు సార్లు ఇస్తే చాలు, అదెలాగో కింద రాస్తాను. వీటన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది ఒకటుంది: పెళ్లి జరిగిన రోజు రాత్రికల్లా మీరు తీసిన పదిహేను మంచి ఫొటోలు ఆ ఇంటివాళ్ల ఫోన్లలో ఉండాలి. మీ పేజీలో ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మాది అమలాపురం. 2004లో రీలు కెమెరాతో మొదలుపెట్టాను. ఫేస్‌బుక్ పేజీ 2012లో, ఇన్‌స్టాగ్రామ్ 2017లో తెరిచాను. ఇన్‌స్టా తెరిచిన ఏడాదే ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో పార్టీ పేరు, ముహూర్తం, అడ్వాన్సు పక్కన ఇంకో గడి గీసుకున్నాను: "మా గురించి ఎలా తెలిసింది?" అడ్వాన్సు తీసుకునేటప్పుడే అడిగి రాసుకుంటాను. "ఇన్‌స్టాలో చూసి వచ్చాం" అని ఒక్క ముక్కలో చెప్పినవాళ్లు ఇన్నేళ్లలో చాలా తక్కువ. ఎక్కువమంది చెప్పేది ఇలా ఉంటుంది: "మా పిన్ని కూతురి పెళ్లికి మీరే తీశారు కదండీ, వాళ్లు చెప్పారు. తర్వాత మీ ఇన్‌స్టా కూడా చూశాం."

మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు వాక్యాల వరసలోనే ఉంది. పేరు మనిషి నోట వస్తుంది. ఆ పేరును నమ్మొచ్చా అని తేల్చుకోవడానికి పేజీ తెరుస్తారు. పెళ్లి ఫొటోగ్రాఫర్ అంటే రెండు రోజులు ఇంట్లో తిరిగే మనిషి. పెళ్లికూతురు ముస్తాబయ్యే గది గుమ్మం దాకా వెళతాడు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం తప్పిపోతే మళ్లీ పెట్టమనడానికి లేదు. అంత బాధ్యత ఉన్న పనిని ముక్కూమొహం తెలియని మనిషికి, ఒక రీల్ బాగుందని, ఏ తల్లిదండ్రులూ అప్పగించరు. ముందు తెలిసినవాళ్లను అడుగుతారు. మీ పేరు చెప్పేవాళ్ల ఫోన్‌లో చూపించడానికి ఏదైనా ఉండాలి. మీ పేజీ తెరిచినవాళ్లకు అనుమానం తీరాలి. సోషల్ మీడియాతో మనకున్న పని ఈ రెండే.

నాకు ఇది బాగా అర్థమైన పెళ్లి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్లో. పెళ్లికూతురి నాన్న మస్కట్‌లో పనిచేస్తున్నారు, సెలవు దొరకలేదు. కన్యాదానం బాబాయి, పిన్ని చేశారు. తలంబ్రాలప్పుడు ఆ అమ్మాయి తమ్ముడు నాన్నకు వీడియో కాల్ పెట్టి, ఫోన్ పైకెత్తి మండపం అంచున నిలబడ్డాడు. నేను వధూవరుల మీద ఫోకస్ పెట్టి ఉన్నాను. పక్కనుంచి ఆ ఫోన్ తెర మెరిసింది. అందులో ఆయన తెల్ల చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని కూర్చున్నారు. వెనకాల ఒకదాని మీద ఒకటి ఉండే ఇనుప మంచాలు కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి పెళ్లికొడుకు తలమీద పోయాల్సిన బియ్యం పోసేసి, దోసిట్లో మిగిలిన నాలుగు గింజలు ఆ ఫోన్ మీద వేసింది. నాకు రెండు ఫ్రేములు దొరికాయి. ఒకదానిలో ఫోన్ తెర తెల్లగా మాడిపోయింది. రెండోదానిలో ఆయన ముఖం, తెర మీద పడి జారుతున్న పసుపు బియ్యం, రెండూ వచ్చాయి.

ఆ రాత్రే ఆ ఫొటో తమ్ముడికి పంపాను. తెల్లారేసరికి మస్కట్‌లో ఉన్న ఆ నాన్న స్టేటస్‌లో ఉంది. తర్వాత చాలా నెలలు ఆయన వాట్సాప్ డీపీ అదే. ఆయనతో పాటు అక్కడ ఉండే రాజోలు, అంబాజీపేట వాళ్లు చూసి "ఎవరు తీశారు" అని అడిగారట. ఆ తర్వాతి సీజన్‌లో అక్కడివాళ్ల ఇళ్ల నుంచే రెండు పెళ్లిళ్లు వచ్చాయి. ఇంటివాళ్లను అడిగి అదే ఫొటో నా పేజీలో కూడా పెట్టాను. వంద లైకులు కూడా రాలేదు.

ఆ ఏడాదే పంట కాలువ మీద పడవలో ఒక ప్రీవెడ్డింగ్ రీల్ డ్రోన్‌తో తీసి పెట్టాను. 3 లక్షల పైన వ్యూస్ వచ్చాయి. కామెంట్లలో ఏ డ్రోన్, ఏ ప్రీసెట్ (రంగులు ఒక్క నొక్కుతో సరిచేసే సెట్టింగ్), ఈ చోటు ఎక్కడ అన్నవే. వేరే రాష్ట్రాల నుంచి కూడా మెసేజ్‌లు వచ్చాయి. నా పుస్తకంలో ఆ రీల్ పేరు మీద ఒక్క ఆర్డరూ లేదు. రీల్స్ చేయొద్దని నేను అనను, నేనూ చేస్తాను. వ్యూస్ లెక్కను ఆర్డర్ల లెక్క అనుకుని దాని వెంట పడితే మాత్రం కాలం, డబ్బు రెండూ పోతాయి.

రాత్రికల్లా ఫొటోలు ఎలా ఇవ్వాలి?

పెళ్లి రాత్రి ఆ బంధువులందరి స్టేటస్‌లలో అదే పెళ్లి ఉంటుంది. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. ఆ 24 గంటల్లో మీ ఫొటో వాళ్ల చేతిలో లేకపోతే ఎవరో సెల్‌తో తీసిన మసక ఫొటో ఆ చోటు తీసుకుంటుంది. రెండు నెలల తర్వాత మీరు ఎంత గొప్ప ఆల్బమ్ ఇచ్చినా అది బీరువాలోకి వెళుతుంది.

మా పద్ధతి ఇది. కెమెరాలో రెండు కార్డులు, ఒకదానిలో రా ఫైలు (తర్వాత తీరిగ్గా దిద్దుకునే పెద్ద ఫైలు), రెండోదానిలో జేపీఈజీ (ఫోన్లో వెంటనే తెరుచుకునే మామూలు ఫొటో). భోజనాల పంక్తులు నడిచేటప్పుడు మాకు కాస్త ఊపిరి దొరుకుతుంది. అప్పుడు మా అసిస్టెంట్ రెండో కార్డును కార్డ్ రీడర్‌తో ఫోన్‌కి తగిలిస్తాడు. నేను పదిహేను ఫొటోలు ఏరతాను, అతను ఫోన్‌లోనే లైట్‌రూమ్‌లో రంగు సరిచేస్తాడు. మా చుట్టుపక్కల హాళ్ల లైటింగ్‌కి విడివిడిగా ప్రీసెట్లు చేసి పెట్టుకున్నాం. ఎల్‌ఈడీ తెర పక్కన ముఖాలు ఊదారంగు తిరుగుతాయి, ప్రతిసారీ మొదటి నుంచి దిద్దుకుంటూ కూర్చోలేం. మా స్టూడియో పేరు కింద మూలన చిన్నగా వేస్తాం. ముఖాల మీదుగా పేరు అడ్డంగా వేసిన ఫొటోను ఎవరూ డీపీగా పెట్టుకోరు.

ఏ పదిహేను అన్నది ముఖ్యం. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఇద్దరు అమ్మల ఫొటోలు విడిగా, నానమ్మదో అమ్మమ్మదో ఒకటి, మేనమామ ఒకటి, స్నేహితుల గుంపు ఒకటి, చిన్నపిల్లలది ఒకటి ఉండేలా చూస్తాను. ఎవరి ఫొటో వాళ్లే స్టేటస్ పెట్టుకుంటారు. పెళ్లికొడుకు తల్లి మీ ఫొటోను పెట్టుకుంటే ఆవిడ వైపు చుట్టాలంతా చూస్తారు. వాళ్లలో వచ్చే ఏడాది పెళ్లి కావలసిన పిల్లలున్నవాళ్లు కనీసం నలుగురుంటారు.

ఎవరికి పంపాలి? అమ్మానాన్నలకు ఆ రాత్రి కూర్చునే ఓపిక ఉండదు. పెళ్లికూతుర్ని చేసే రోజే గమనించుకోండి, ఆ ఇంట్లో ఫోన్ చేతిలోంచి దించని తమ్ముడో, ఆడపడుచో, పెదనాన్న కూతురో ఒకరుంటారు. ఆ నంబరు తీసుకోండి. వాట్సాప్ మామూలుగా పంపితే ఫొటోను కుదించేస్తుంది, హెచ్‌డీ బటన్ నొక్కి పంపండి. ప్రింటు వేసుకుంటామని అడిగినవి డాక్యుమెంట్‌గా పంపితే అసలు సైజులో వెళతాయి.

ఇక పేజీ ఎలా ఉండాలి?

మీ పేజీని ఒక తల్లి, ఆమె పక్కన కూతురు కూర్చుని చూస్తున్నారని ఊహించుకోండి. కూతురు చూసేది ఆ వెలుగు, రంగు, తన ముఖం ఎలా వస్తుందోనని. తల్లి చూసేది వేరు: మనవాళ్లందరినీ తీస్తాడా, పెద్దవాళ్లను పట్టించుకుంటాడా, పద్ధతిగా తీస్తాడా. చాలామంది మన కుర్రాళ్ల పేజీలు కూతురికే జవాబిస్తాయి. వెనక సూర్యాస్తమయం, గాలిలో ఎగిరే దుపట్టా, పొగ బాంబులు. అడ్వాన్సు ఇచ్చే చెయ్యి మాత్రం చాలా ఇళ్లలో తల్లిదండ్రులదే.

అందుకే ఏరికూర్చిన ఒక్కో ఫొటో కంటే ఒక పెళ్లిని మొదటి నుంచి చివరిదాకా చూపించే పోస్టు ఎక్కువ పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు ఒకే పోస్టులో 20 ఫొటోల వరకు పెట్టనిస్తుంది. మంగళస్నానం, గౌరీపూజ, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం తీయడం, అరుంధతీ నక్షత్రం, అప్పగింతలు వరసగా పెట్టండి. మీ వైపు ఎదురుకోలు ఘనంగా చేస్తారు కాబట్టి దానితో మొదలుపెట్టండి. మధ్యలో ఒక గ్రూప్ ఫొటో తప్పకుండా ఉంచండి. నలభై మంది నిలబడితే అందరి కళ్లూ తెరిచి, వెనక వరస ముఖాలు కూడా స్పష్టంగా ఉన్న ఫొటో తీయడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ కష్టం విలువ ఇంటి పెద్దలకూ తెలుసు. అలాంటి మూడు పెళ్లిళ్లను పైన పిన్ చేసి పెట్టుకోండి, ఇన్‌స్టా మూడు పోస్టులను పిన్ చేయనిస్తుంది.

2025 జనవరిలో ప్రొఫైల్‌లోని గళ్లు చతురస్రం నుంచి నిలువుకు మారాయి. పాత పోస్టుల్లో పక్కలు తెగి, ఇద్దరిలో ఒకరి ముఖం సగమే కనిపిస్తుంటే కవర్ సరిచేసుకోండి. పేజీ పేరు గడిలో స్టూడియో పేరుతో పాటు "జగిత్యాల వెడ్డింగ్ ఫొటోగ్రఫీ" అన్న మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఉంచండి. వెతికేవాళ్లు ఊరి పేరుతోనే వెతుకుతారు.

ఫొటో కింద రాసేది తెలుగులో రాయండి, ఏ ఊరు, ఏ ఫంక్షన్ హాలు, పగటి ముహూర్తమా రాత్రి ముహూర్తమా రాయండి. "ప్రేమ అంటే రెండు హృదయాల కలయిక" లాంటి వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. "కోరుట్ల, తెల్లవారుజామున 4 గంటల ముహూర్తం, హాలు లైట్లతోనే తీసినవి" అని రాస్తే, అదే హాలు మాట్లాడుకున్న కుటుంబం ఆగి చూస్తుంది.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. చామనఛాయ పిల్లను తెల్లగా చేసి పెట్టకండి. నా మొదటి పదేళ్లలో నేనూ చేశాను, ల్యాబువాళ్లు చేసి ఇస్తే ఊరుకున్నాను. ఒక పెళ్లికూతురు ఆల్బమ్ చూసి "ఇది నేను కాదండి" అని మూసేసింది. ఆ తర్వాత మానేశాను. ఇప్పుడు చాలామంది అమ్మాయిలు మా పేజీ చూసి చెప్పే మాట, "మీ ఫొటోల్లో రంగు ఉన్నది ఉన్నట్టుంటుంది" అని. ఆ మాట మీద వచ్చిన ఆర్డర్లున్నాయి.

తోటి పనివాళ్లతో చెయ్యి కలపండి

మా దగ్గర ముహూర్తం పెట్టుకోగానే మొదట హాలు చూసుకుంటారు. తర్వాత వంటవాళ్లు, డెకరేషన్, మేకప్. ఫొటోగ్రాఫర్ ఆ తర్వాతే. అంటే మనకంటే ముందు ఆ ఇంటికి నలుగురు వెళతారు. వాళ్లకు మనం ఇవ్వగలిగింది మంచి ఫొటోలు. జనం రాకముందు ఖాళీ మండపాన్ని ఒక పది నిమిషాలు కేటాయించి శ్రద్ధగా తీసి డెకరేషన్ అతనికి ఇస్తాను. ముఖం దగ్గరగా, జడ వెనక నుంచి తీసిన ఫొటోలు మేకప్ చేసిన అమ్మాయికి ఇస్తాను. హాలు బయటి నుంచి దీపాలతో ఉన్న ఫొటో హాలు యజమానికి. డబ్బు తీసుకోను, ఫొటో కింద మా పేరు రాయమంటాను. మేకప్ ఆర్టిస్టు పేజీని అనుసరించేవాళ్లలో పెళ్లి కుదిరిన అమ్మాయిలు చాలామంది ఉంటారు. మీ 2,100 మందిలో కొత్త కెమెరా కొన్న కుర్రాళ్లే ఎక్కువ ఉండొచ్చు, ఒకసారి పైనుంచి కిందికి చూడండి. ఈ ఒక్క పని వల్ల నాకు వచ్చిన పరిచయాలు ఏ ప్రకటన వల్లా రాలేదు. అమ్మాయి ముఖం కనిపించే ఫొటో ఎవరికి ఇచ్చినా, ముందు ఆ అమ్మాయిని అడిగే ఇవ్వండి.

అనుమతి సంగతి

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి తెలియదు. "ఫొటో నేను తీశాను కాబట్టి నాది" అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే పెళ్లివారితో రాతపూర్వకంగా మాట్లాడుకోకుండా వాళ్ల ఫొటో మీ పేజీలో పెడితే మీరు నిలబడటానికి చోటు లేదు. అడ్వాన్సు రసీదు మీదే రెండు వాక్యాలు అచ్చు వేయించుకోండి: ఫొటోలు మా పేజీల్లో పెట్టుకోవడానికి సమ్మతిస్తున్నాం, సమ్మతించడం లేదు. టిక్ పెట్టి సంతకం చేయమనండి. వద్దన్నవాళ్లను రెండోసారి అడగకండి. సమ్మతించినవాళ్లకు కూడా పెట్టే ముందు ఆ ఫొటోలు పంపి "ఇవి పెడుతున్నామండి" అని ఒక మాట చెప్పండి.

చట్టం ఒక వైపు, మనసు ఇంకో వైపు. ఒక ఓణీల ఫంక్షన్ ఫొటోలు, ఆ ఇంటివాళ్లు నోటిమాటగా సరేనన్నారని, పేజీలో పెట్టాను. ఎవరో ఆ పిల్ల ఫొటో తీసుకుని వేరే పేరుతో ఖాతా తెరిచారు. ఎనిమిదో తరగతి పిల్ల. వాళ్ల నాన్న స్టూడియోకి వచ్చి కేకలేయలేదు, కుర్చీలో కూర్చుని "ఏం చేద్దామండి" అని అడిగారు. ఆ ఖాతా మీద రిపోర్టులు కొట్టి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అది తొలగిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, నాకూ లేదు. ఆ రోజు నుంచి చిన్నపిల్లల ముఖం కనిపించే ఫొటో నా పేజీలో పెట్టడం లేదు. ఓణీల ఫంక్షన్ ఆర్డర్ల కోసం చేతికి గోరింటాకు, పూలజడ, పసుపు కుంకుమల పళ్లెం, అమ్మ వెనక నుంచి ఓణీ సర్దుతున్న ఫొటోలు పెడతాను. ఆర్డర్లు తగ్గలేదు.

వేరే స్టూడియో తరఫున వెళ్లి తీసినవి కూడా అంతే. వాళ్లను అడగకుండా మీ పేజీలో వేసుకుంటే ఆ మాట ఊరంతా తిరుగుతుంది.

పాటలు

సినిమా పాట వేసి రీల్ చేయడం అందరికీ అలవాటైంది. ఇన్‌స్టా బిజినెస్ ఖాతాలో చాలా పాటలు దొరకవు, పాట ఉన్న రీల్‌ను ప్రకటనగా నడపనివ్వదు. యూట్యూబ్‌లో పెడితే పాట హక్కుదారుల క్లెయిమ్ వస్తుంది. నేను మూడేళ్లుగా పెళ్లి శబ్దాలనే వాడుతున్నాను. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే సన్నాయి, డోలు ఒక్కసారి ఎగసే ఆ పది సెకన్లు చిన్న రికార్డరుతో విడిగా పట్టుకోండి. దాని మీద మాంగల్యధారణ దృశ్యం వేయండి. ఏ పాటా దానికి సాటి రాదు. అప్పగింతల్లో అమ్మ మాట, బిందెలో ఉంగరం కోసం చుట్టూ వేసే కేకలు కూడా అంతే. ఆ గొంతులు ఆ ఇంటివాళ్లవి, అందుకే వాళ్లు పదిమందికి పంపుతారు.

"రేటెంత?" అన్న మెసేజ్ వస్తే

చాలామంది ఇక్కడే ఆర్డరు పోగొట్టుకుంటారు. కొందరు అంకె ఒకటి పడేస్తారు. అది నాలుగు స్టూడియోల అంకెల పక్కన చేరిపోతుంది, తక్కువది గెలుస్తుంది. ఇంకొందరు "కాల్ చేయండి" అంటారు. ఆ అమ్మాయి ఆఫీసులో ఉంటుంది, కాల్ చేయదు. నేను రాసేది ఇది:

"నమస్తే అండి. శుభకార్యం ఏ తేదీన, ఏ ఊళ్లో అండి? ముహూర్తం పగలా, రాత్రా? ఆ రోజు మేం ఖాళీగా ఉన్నామో చూసి ఇప్పుడే చెబుతాను."

తేదీ చెప్పగానే ఖాళీ ఉందో లేదో నిజం చెబుతాను. ఉంటే, అదే హాల్లోనో ఆ పక్క ఊళ్లోనో మేం తీసిన పెళ్లి లింకు పంపి, మా ప్యాకేజీ ఎక్కడ మొదలవుతుందో కూడా ఆ మెసేజ్‌లోనే రాస్తాను. ధర దాస్తే అనుమానం పుడుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఇలాంటి జవాబులు ముందే దాచుకోవచ్చు, ప్యాకేజీలు క్యాటలాగ్‌లో పెట్టుకోవచ్చు, నెలలవారీగా లేబుళ్లు పెట్టుకోవచ్చు. నేను మండపంలో ఉన్న రోజుల్లో ఫోన్ మా ఆవిడ చూస్తుంది. గంటలోపు జవాబు వెళ్లాలన్నది మా ఇంటి నియమం. ఆడవాళ్లు మాట్లాడితే పెళ్లికూతుళ్లు, వాళ్ల అమ్మలు మొహమాటం లేకుండా అన్నీ అడుగుతారని కూడా తెలిసింది.

ప్రకటనలకు డబ్బు ఎప్పుడు పెట్టాలి?

పంచాంగం చూసి పెట్టాలి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు. కానీ ఆషాఢంలో కూర్చుని శ్రావణ ముహూర్తాలు, సంక్రాంతి వెళ్లీవెళ్లగానే మాఘ ఫాల్గుణ ముహూర్తాలు మాట్లాడుకుంటారు. మనకు పని లేని నెలలే వాళ్లు మనల్ని వెతుక్కునే నెలలు. సీజన్‌లో తీసినవన్నీ అప్పుడే పెట్టేయకుండా కొన్ని దాచి, ఆ ఖాళీ నెలల్లో వరసగా పెట్టండి. ఏడాదికి రెండు మూడు సార్లు అన్న ప్రకటనలు కూడా అప్పుడే.

బూస్ట్ బటన్ కాకుండా, ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలు నడిపే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే ప్రకటన ఎంచుకోండి. జగిత్యాల చుట్టూ 40 కిలోమీటర్లు చాలు, మెట్‌పల్లి, కోరుట్ల, ధర్మపురి అందులోకి వస్తాయి. రోజుకు 300 రూపాయలు, ఏడు రోజులు. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, లెక్కలో వేసుకోండి. ప్రకటనగా పెట్టేది మీ ప్రాంతపు హాల్లో జరిగిన పూర్తి పెళ్లి పోస్టు అయ్యుండాలి. నేను ఒకసారి ఆశపడి కువైట్, మస్కట్ కూడా ఎంచుకుని ప్రకటన ఇచ్చాను. మెసేజ్‌లు బోలెడు వచ్చాయి, మా ప్రాంతం వాళ్లు ఒక్కరూ లేరు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మన పేరు చేరేది ఇంటి వాట్సాప్ నుంచే.

కొన్న ఫాలోవర్ల గురించి రెండు ముక్కలు. ఆ ఖాతాలు మీ పోస్టును చూడవు, ఎవరికీ పంపవు. స్పందన లేని పోస్టును యాప్ ఇంకొకరికి చూపించదు. 20 వేల ఫాలోవర్లు, పోస్టుకు 30 లైకులు ఉన్న పేజీని చూసి పెళ్లికూతురు కూడా పసిగట్టేస్తుంది.

ప్రకటనకు డబ్బు లేకపోతే మీ ఊరి పండగ తీయండి. మేము ప్రతి కనుమకు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీస్తాం, ప్రభలను (వెదురుతో కట్టి రంగుల బట్టలతో అలంకరించినవి) భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువ నీళ్లలోంచి దాటించే దృశ్యం. ఎక్కడెక్కడి కోనసీమ వాళ్లో అది పంచుకుంటారు, మా పేరు ఆ రకంగా వెళుతుంది. మీకు బతుకమ్మ ఉంది. మీ వీధి బతుకమ్మను, పేర్చిన తంగేడు గునుగు పూలను, ఆడేవాళ్లను అడిగి తీయండి. తీసిన ప్రతి ఒక్కరికీ పంపండి.

గూగుల్ మ్యాప్స్‌లో మీ స్టూడియో నమోదు చేసుకున్నారో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే చేయండి, ఖర్చు లేదు. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూసిన తర్వాత, నాలుగు మాటలు తెలుగులోనే రాయమని అడగండి. దానికి తగ్గింపులు ఇస్తామనొద్దు, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఒక జాగ్రత్త. "మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో తీసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని మోసపు మెసేజ్ వస్తుంది. నా మిత్రుడొకరు నొక్కి ఆరేళ్ల పేజీ పోగొట్టుకున్నాడు. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగేది) ఇప్పుడే పెట్టుకోండి. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించినప్పుడు కూడా ఒక్క రాత్రిలో పేజీలన్నీ పోయినవాళ్లను చూశాను. పార్టీల ఫోన్ నంబర్లు, పెళ్లి తేదీలు మన పుస్తకంలో ఉంటే ఏ యాప్ పోయినా పని ఆగదు. నేను ప్రతి జంటకూ మొదటి పెళ్లిరోజున, ఆల్బమ్‌లో వేయని ఫొటో ఒకటి పంపుతాను. ఆ సాయంత్రం అది స్టేటస్‌లో ఉంటుంది. తర్వాత శ్రీమంతానికో బారసాలకో ఫోన్ వస్తుంది.

కుర్రాణ్ని పెట్టుకోవాలా అన్నారు. ఆ జీతం డబ్బుతో పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఒక అసిస్టెంట్‌ను తీసుకెళ్లండి, రాత్రికల్లా ఫొటోలు పంపే పని అతనికి అప్పగించండి.

మీ జగిత్యాల వైపు కూడా గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు చాలా. వచ్చే పెళ్లికి అడ్వాన్సు తీసుకునేటప్పుడే, రాలేకపోతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, వీడియో కాల్ ఎవరు పట్టుకుంటారు అని అడిగి రాసుకోండి. ఆ ఫోన్ పట్టుకునే మనిషిని మండపానికి ఎడమ పక్కనో కుడి పక్కనో, మీ లెన్సుకు అందే చోట నిలబెట్టండి. ఫోన్ తెర వెలుగు తగ్గించి పెట్టమని ముందే చెప్పండి, లేకపోతే ముఖం మాడిపోతుంది.